కీ ఇవ్వక్కరలేని వాచీ

నా చిన్నప్పుడు మా నాన్న చేతికి కీ ఇవ్వక్కరలేని వాచీ ఉండేదని చెబితే ఇప్పటి పిల్లలకు అందులో గొప్పేమీ కనిపించదు. మా వీధిలో అది పెద్ద గొప్పే. నాన్న విశాఖ పోర్టులో కళాసీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్తాలు మోసే చెయ్యి కనుక, ఆ ఊపుకే లోపలి స్ప్రింగు చుట్టుకుని వాచీ నడిచేది. దానికి కీ ఇవ్వాల్సిన అవసరం ఒక్కనాడూ రాలేదు. ఇవ్వొచ్చన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒకసారి ఓడలోంచి దించుతున్న బస్తాలు జారి నాన్న తొడ మీద పడ్డాయి. ఎముక విరిగింది. ఆసుపత్రిలో కాలికి బరువులు కట్టి పడుకోబెట్టారు. ప్రాణభయం లేదని డాక్టరు చెప్పాడు. కానీ రెండు మూడు రోజులకు నాన్న చేతికున్న వాచీ ఆగిపోయింది. అది ముందు చూసింది మా పెదనాన్న. చూసినవాడు నోరు మూసుకున్నాడా? లేదు. నాన్న చేతికుండగానే దాని బుడిపెను బయటికి లాగి అటూ ఇటూ మెలిపెట్టాడు. చెయ్యంతా పట్టుకుని ఊపాడు. చివరికి మంచం పక్కనే నిలబడి, "ఎప్పుడూ ఆగనిది ఆగిపోనాదంటే ఇంకేటి సెప్పాల? మనోడి టైం అయిపోనాది" అన్నాడు. నాయనమ్మ అక్కడే కూలబడి శోకాలు మొదలుపెట్టింది.

పెదనాన్న పోయి చాలాకాలమైంది. అయినా ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మంచం మీదున్నవాడికి చెవులు పనిచేస్తాయన్న ఇంగితం ఉండక్కరలేదా? నాన్న మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. గంజి ముట్టలేదు, మాత్ర మింగలేదు. అమ్మ ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. విరిగిన ఎముక కాదు, ఆ మాటే ఆయన్ని తీసుకుపోయేలా ఉందని నాకు ఆ వయసులోనే భయం పట్టుకుంది.

మర్నాడు మా మేనత్త వచ్చింది. నాన్నకూ పెదనాన్నకూ పెద్దక్క ఆవిడ. ఓడల్లో పనిచేసిన మావయ్య అంతకు ఏడాది ముందే పోయాడు. నాన్న వాచీ ఆయన తెచ్చిచ్చిందే. సంగతి విన్న అత్త ఎవరినీ ఓదార్చలేదు. కొంగు దోపుకుని, నాన్న చేతి నుంచి వాచీ విప్పి, నన్ను దగ్గరకు లాక్కుని, అది నా చేతిలో పెట్టి, వార్డంతా వినపడేలా పాఠం చెప్పింది. చేతికి ఉండగా కీ తిప్పకూడదట, వేళ్లు వంకరగా పడి లోపలి కాడ దెబ్బతింటుందట. విప్పి ఎడమచేత్తో పట్టుకోవాలి. బయటికి లాగి ఉన్న బుడిపెను లోపలికి నొక్కి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ముందుకు నింపాదిగా తిప్పాలి. ఇలాంటి వాచీలో స్ప్రింగు నిండినా కీ గట్టిపడదు కాబట్టి, ఆగేదాకా తిప్పుదామని కూర్చోకుండా కాసేపు తిప్పి వదిలెయ్యాలి. చెప్పినట్టే తిప్పితే నా వేళ్ల కింద సన్నగా కిరకిరలాడింది. సెకన్ల ముల్లు కదిలింది.

నాయనమ్మ దానికి దండం పెట్టబోయింది. అత్తకు అసలు కోపం అప్పుడొచ్చింది. "దండాలెందుకే అమ్మా! నీ అల్లుడు పోయి ఏడాదైనాది. ఆయన వాచీకి నాను రోజూ కీ ఇస్తన్నాను, నడుస్తనే ఉంది. ఆయన లేసొచ్చినాడేటి?" పెదనాన్న వైపు తిరిగింది. "ఒరే, వాచీ నడిస్తే పోయినోడు రాడు, ఆగితే ఉన్నోడు పోడు. ఈడి సెయ్యి కదల్లేదు, అది ఆగినాది. అంతే. ఇంకో మాటన్నావంటే మెడ పట్టి గెంటెస్తాను."

నాన్న మొహం ఇటు తిప్పాడు. నా చేతిలోంచి వాచీ తీసుకుని, తనే కాస్త కీ తిప్పి, చేతికి పెట్టించుకుని, గంజి తెమ్మన్నాడు.

ఆ తర్వాత నాన్న లేచి నడిచాడు, పోర్టు పనికి వెళ్లాడు, ముసలివాడయ్యాకే పోయాడు. పోయినరోజున వాచీ ఆయన చేతికి శుభ్రంగా నడుస్తూనే ఉంది. దాని గురించి పెదనాన్న నోరెత్తలేదు.

ఇప్పుడది నా దగ్గరుంది. మధురవాడలో మా అమ్మాయి ఫ్లాటులో కూర్చునే ఈ చేతికి అంత కదలిక లేదు కనుక, పొద్దున్నే విప్పి కీ ఇస్తాను. మొన్న మా మరిది ఆపరేషనై పడుకుని ఉంటే, చూడటానికొచ్చిన ఒకావిడ, ఇంట్లో దేవుడి దీపం కొండెక్కింది, మంచి శకునం కాదంటూ మంచం దగ్గరే మొదలుపెట్టింది. రెక్క పట్టుకుని బయటికి నడిపించి, లోపలికొచ్చి మరిదికి ఇడ్లీ తినిపించాను. ఈ వయసులో అంత కోపమేమిటని మావాళ్లు విసుక్కున్నారు. అది మా మేనత్త కోపం. తగ్గించుకునే ఉద్దేశం నాకు లేదు.