వరసలో చివరి మనిషి, మా కౌసల్యక్క

కౌసల్యక్క ఇక లేదన్న వార్త నాకు మొదట తెచ్చింది పాలు పోసే నాగమణి. రోజూ గేటు దగ్గరి నుంచే "అక్కా, గిన్నె" అని కేకేసే మనిషి, ఆ తెల్లవారి పాలక్యాను లేకుండా వచ్చి వంటింటి గడప పక్కన కూర్చుంది. నేను దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను. "దీపం పెట్టుడు కానియ్ అక్కా, తర్వాత చెప్త" అంది. ఆ గొంతుతోనే నాకు సగం తెలిసిపోయింది. ఒత్తి వెలిగించి ఆమె వైపు తిరిగాను. "మన ఎనక మనిషి పోయింది" అంది నాగమణి.

సత్తుపల్లి చుట్టుపక్కల కౌసల్య టీచరును ఎరగని తల్లులు అరుదు. తండాలో పుట్టి, స్వయంకృషితో చదువుకుని, అంగన్‌వాడీ టీచరుగా ఎందరో పసివాళ్ళకు తొలి అన్నం ముద్ద, తొలి అక్షరం అందించి పదవీ విరమణ చేసిన సాధ్వీమణి. నేనైతే బడి ముఖం చూసినదాన్ని కాను. మా నాయనమ్మ ఇసుక పళ్ళెంలో దిద్దించిన అక్షరాలు, ఆమె ఒళ్ళో చదివిన రామాయణం, అదే నా విద్య. ఆ సంగతి చెప్పుకోవడానికి నేను ముడుచుకుపోతుంటే అక్క ఒకసారి గట్టిగా అంది: "మీ నాయనమ్మ బళ్ళో చదివినవ్ గదా, మంచి బడే అది. నువ్వు మాట్లాడేదే కాయితం మీద పెట్టు." ఆ ఆజ్ఞే ఈ నాలుగు మాటలకు మూలం. ఆమె గురించే రాయవలసి వస్తుందని ఊహించలేదు.

మేం నలుగురం నడక స్నేహితులం. అక్క, నాగమణి, బ్యాంకులో పనిచేసే పద్మ, రత్నం అనే నేను. ధనుర్మాసం వచ్చిందంటే ముక్కోటి ఏకాదశి దర్శనానికి భద్రాచలం నడిచి వెళ్ళడం మాకు ఏళ్ళ తరబడి వ్రతం. దమ్మపేట దాటాక అడవిలో మంచు దిగితే ముందు మనిషి వీపు కూడా ఆనదు. అందుకని అక్క ఒక ఆచారం పెట్టింది. వరసకు ముందు నడిచే నాగమణి అప్పుడప్పుడూ "రామయ్యా" అని పిలవాలి. వరస చివర నడిచే అక్క "వస్తున్నం, నడువు" అనాలి. ఆ బదులు వినబడకపోతే ఎవరూ మరో అడుగు వెయ్యకూడదు, ఉన్నచోటే నిలబడాలి. దారిలో కలిసిన యాత్రికులు కూడా ఆ పిలుపుకు అలవాటుపడి మా వరసలో చేరేవారు.

చివరన నడవడం అక్క వదులుకోని హక్కు. అంగన్‌వాడీ పిల్లలను ఇళ్ళకు తోలుకెళ్ళిన నాటి అలవాటు అనేది. మమ్మల్ని వీపులు చూసే చదివేది. "పద్మా, రాత్రి నిద్ర పోలేదానే? భుజాలు జారినయ్." "రత్నం, ఎడమ కాలు ఈడుస్తున్నవ్. ముల్లు దిగితే చెప్పవేందే, మొక్కుబడికి ముల్లు గూడ రాసివెట్టినవా?" ముందుకు రమ్మని ఎవరైనా బలవంతపెడితే ఆమె నోట ఒకే మాట: "ముందల నడిచేటోళ్ళకు తొవ్వ కనవడ్తది. ఎనక నడిచేటోళ్ళకు మనుషులు కనవడ్తరు." ఆ మాటలోని పరమార్థం నాకు అడవిలో బోధపడలేదు. మంచుకొండ మీద బోధపడింది.

కొన్నేళ్ళ కిందట అక్కకు గర్భసంచిలో క్యాన్సర్ అన్నారు. హైదరాబాదులో పెద్ద దవాఖానాలో వైద్యం. జుట్టంతా రాలి, మంచం దిగలేని స్థితిలో ఆమె ఒక మొక్కు మొక్కుకుంది. మళ్ళీ కాళ్ళ మీద నిలబడితే హిమవంతుని బిడ్డను ఆమె పుట్టింట్లోనే చూసి వస్తానని. లేచి నడిచింది. అప్పటికి పద్మ తమ్ముడికి మిలిటరీలో హిమాచల్ వైపు ఉద్యోగం. అక్కడొక పర్వతపు గట్టు చివర అమ్మవారి చిన్న గుడి ఉందనీ, చలికాలంలో మంచు మీద నడిచి వెళ్ళవచ్చుననీ అతను చెప్పాడు. ఎండాకాలం వెళదామన్నాం. "మనం నడిచేది చలికాలమే గదనే" అని అక్క తేల్చేసింది.

దారి చూపడానికి ఆ ఊరి స్త్రీ బిమల వచ్చింది. ఇంట్లో తండా మాట మాట్లాడే అక్కకు ఆమె హిందీ తేలిగ్గానే అందేది. మాకు అక్కే నోరూ చెవీ. మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకోవడానికి బిమల మాకు వెడల్పాటి చట్రాలు ఇచ్చింది. వాటిని చూసి నాగమణి, "చాటల లెక్కున్నయ్. దేవుని కాడికి పోతున్నమా, బియ్యం చెరగబోతున్నమా?" అంది. ఆ పేరే నిలిచింది. కాళ్ళు ఎడంగా పెట్టి, బాతుల్లా ఊగుతూ, నవ్వుకుంటూ ఎక్కాం. ఎక్కడ చూసినా తెలుపు. క్షీరసాగరం అని చదివిన మాటకు అర్థం కళ్ళారా చూస్తున్నానని ఆ తల్లికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

గట్టు మొదట్లో ఎర్రగుడ్డ కట్టిన రాళ్ళు కనిపించాయి. ఇక్కడి నుంచి అమ్మవారి స్థలమని బిమల చెప్పింది, అక్క మాకు చెప్పింది. అంతే. భద్రాచలం దారంతా వట్టి కాళ్ళతో నడిచినవాళ్ళం, దేవుడి చోట చెప్పు విడవాలని ఒకరు చెప్పాలా? ముగ్గురం వంగి చాటలు విప్పేశాం. బూట్లు కూడా విప్పాలని ఒక అడుగు పక్కకు వేశామో లేదో, తొడల దాకా మంచులో దిగిపోయాం. బిమల నెత్తిన చేతులు పెట్టుకుంది. చివరనున్నందువల్ల ఇంకా విప్పని అక్క మమ్మల్ని చూసి, "నాటేసినట్టు నిలవడ్డరు గదనే ముగ్గురు" అని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. మమ్మల్ని పైకి లాగాక మాత్రం ఆ చాట ఒకటి అందుకుని కళ్ళకద్దుకుంది. "రాముని పాదుకలు నెత్తిన వెట్టుకున్న తమ్ముడున్నడు. ఇయ్యి అమ్మ మన కాళ్ళకిచ్చిన పాదుకలనుకోండ్రి. తొడుక్కుంటెనే మర్యాద." మాకు ప్రాణం కుదుటపడింది. ధర్మసంకటాన్ని ఒక్క మాటతో విప్పగల పండితురాలు ఆమె.

గట్టు సగం నడిచాక గాలి లేచింది. దూరంగా గుడి శిఖరం కనబడుతోంది. అంతలో నా కాలి చాట పట్టీ తెగి, మంచులో దిగబడి, మడమ మెలిపడింది. నా వెనకే ఉన్న అక్క మోకాళ్ళ మీద కూలబడి చేతులతో మంచు తవ్వి నా కాలు బయటికి తీసింది. ముందు నుంచి "రామయ్యా" అన్న పిలుపు లీలగా వినిపించింది. అక్క గొంతు చించుకుని "వస్తున్నం" అంది. గాలి ఎదురు, ఆ బదులు ముందుకు చేరలేదు. చేరకపోబట్టే వరస ఆగింది. పద్మ, నాగమణి, బిమల వెనక్కి వచ్చారు.

మంచు మబ్బు కమ్ముతోందనీ, గుడికి వెళ్ళాలంటే ఇప్పుడే వెళ్ళిరావాలనీ బిమల అంది. నాగమణి నా పక్కన చతికిలబడి, "అక్కా, మొక్కు నీది. రత్నమక్క కాడ నేను కూసుంట, నువ్వు పో" అంది. నేనూ చేతులు జోడించాను. "నీ మొక్కు ఆగితే నాకు మనసొప్పదక్కా, వెళ్ళిరా" అన్నాను. అక్క గుడి వైపు చాలాసేపు చూసింది. ఎన్ని రాత్రుల జబ్బు, ఎంత ఆశ ఆ చూపులో ఉందో నాకు తెలుసు.

"ఎనక మనిషి ముందలికి పోతే ఎనక ఎవరుంటరే" అంది.

భద్రాద్రి నుంచి తెచ్చిన పసుపు కుంకుమల పొట్లం కొంగు ముడి విప్పి బిమల చేతిలో పెట్టి, గుడికి వెళ్ళినప్పుడు అమ్మవారికి ఇవ్వమంది. గుడి వైపు తిరిగి ఆ మంచులోనే మోకరిల్లి దండం పెట్టింది. నా చెయ్యి తన భుజం మీద వేసుకుని కిందికి నడిపించింది. దారంతా మాటిమాటికీ "రామయ్యా అనవేందే నాగమణీ" అని ఆమే అడిగి మరీ పిలిపించుకుంది.

ఆ జబ్బు ఈ ఏడు తిరగబెట్టింది. అప్పటి నుంచి నన్నొక భయం తొలిచేసేది. తీరని మొక్కు వల్లనే ఇలా అయిందేమో, అది తీరకపోవడం నా కాలి వల్లనే కదా అని. ఖమ్మం దవాఖానాలో ఆమె కాళ్ళు ఒత్తుతూ ఆ మాట బయటపెట్టాను. కళ్ళు మూసుకునే ఉంది. "గుడి ముట్టుకుంట అని మొక్కలేదే. లేస్తే నడిచొస్త అని మొక్కిన. నడిచిన గదా. నీ కాలు ఎట్లుంది, చలికి గుంజుతుందా?" అంది. చివరి రోజుల్లో కూడా నా కాలి నొప్పి అడిగిన తల్లి ఆమె. ఆ తల్లితో కొన్నేళ్ళు నడిచే భాగ్యం ఇచ్చినందుకు రామయ్యకు ఎన్ని జన్మల దండాలు పెట్టినా తక్కువే. ఇచ్చిన చేత్తోనే తీసుకున్నాడు; ఆయన్ను అడిగేదాన్ని కాను. ఏడవకుండా ఉండటం మాత్రం నా వల్ల కావడం లేదు.

అంత్యక్రియలకు తండా నుంచీ ఊరి నుంచీ జనం తరలివచ్చారు. ఆమె దగ్గర ఓనమాలు దిద్దినవాళ్ళే పాడె మోశారు. ఆ పూట అక్క అందరికన్నా ముందు వెళ్ళింది. వెనక నడుస్తున్న నాకు అందరి వీపులూ కనబడ్డాయి. నాగమణి భుజాలు వణుకుతున్నాయి. పద్మ అడుగు తడబడుతోంది. ఇన్నేళ్ళూ ఆమె చూసింది ఇదన్నమాట అనుకున్నాను. ఆ స్థానంలో నిలబడగల యోగ్యత మాలో ఎవరికీ లేదు. అయినా ఖాళీగా ఉంచకూడని స్థానం అది. అందుకని ఈ ముక్కోటికి చివరన నేను నడుస్తాను, మడమ సహకరించినంత మేర.

ఈ ధనుర్మాసంలో భద్రాచలం దారిన వెళ్ళే అమ్మలకు, అయ్యలకు ఒక్క మనవి. మంచులో ఎక్కడైనా "రామయ్యా" అన్న పిలుపు వినబడితే ఆగండి. వెనక నుంచి "వస్తున్నం, నడువు" అని బదులు వచ్చేదాకా ఉండండి. ఆ గొంతు నాదే అయినా, ఆ మాట ఆమెది. దాన్ని విని నడక సాగించే ముందు, మా కౌసల్యక్కను ఒక్కసారి తలుచుకోండి.