మహబూబీ అడిగిన ప్రశ్న

ఈ రోజు విడవలూరు హైస్కూల్లో ఎస్సెల్సీ పిల్లలకు ప్రకృతి వరణం పాఠం చెప్పాను. ఒక తల్లి బిడ్డలైనా ఒకేలా పుట్టరనీ, జబ్బో కరువో వస్తే తట్టుకునే గుణమున్న జీవులే ఎక్కువగా మిగిలి, ఆ గుణాన్ని తమ పిల్లలకిస్తాయనీ వివరించాను. చివర్లో "తగినవే బతుకుతాయి" అన్నాను.

దర్జీ మస్తాన్ గారమ్మాయి మహబూబీ లేచి నిలబడింది. పోయిన వేసవిలో అక్కచెల్లెళ్ళిద్దరికీ మశూచి సోకితే ఈ పిల్ల బతికింది, చెల్లెలు పోయింది.

"మా చెల్లెలు తగనిదా టీచర్?"

"కాదమ్మా. ఆ జబ్బును తట్టుకునే గుణం దానికి పుట్టుకతో రాలేదేమో. అందులో ఎవరి తప్పూ లేదు."

"మా అమ్మ తన తప్పే అనుకుంటా ఉంది టీచర్. జొరంలో నీళ్ళు పోసినందుకే పోయిందంటాది. మీరొచ్చి చెప్తారా?"

బడి వదిలాక వెళ్ళాను. వాళ్ళమ్మ చొక్కాకు కాజాలు కుడుతోంది. నేను చెప్పిందంతా తలెత్తకుండా వింది.

"అట్నా టీచరమ్మా" అంది. తర్వాత, కళ్ళు ఆనడం లేదు, కాస్త దారం ఎక్కించమని సూది నా చేతికిచ్చింది. ఎక్కించి ఇచ్చాను.

ఆమెకు ఏడుపు రాలేదు. నాకూ రాలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఇది చదువుతున్న మీరైతే ఆ తల్లికి ఇంకేం చెప్పేవాళ్ళు?