పోలమ్మ అడ్డపొగ

గోపాల్‌పూర్ ఒడ్డున చేపలమ్మే పోలమ్మ ముప్పై ఏళ్లు అడ్డపొగ తాగింది. గాలికి ఆరిపోకుండా చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకోవడం అక్కడి ఆడవాళ్ల అలవాటు. ఆమె అంగిట్లో తెల్లమచ్చ చూసి బరంపురం డాక్టరు కసిరాడు. "రోజూ కాలి వాచిన చోటే పొగాకు విషం దిగుతోంది. ఆ పుండుకు మానే తీరిక లేదు. ఇలాగే తాగితే కేన్సరే."

ఆ రోజే మానేసింది. నాలుక పీకినా మళ్లీ ముట్టలేదు.

నెల తిరక్కుండా తోడికోడలు ఎర్రమ్మ చుట్ట అందించింది. "ఒక్కటి తాగితే ఏటైపోద్ది అక్కా?"

పోలమ్మ ఆమె గడ్డం పట్టి నోరు తెరిపించింది. అంగిట్లో అదే తెల్లమచ్చ.

"సుట్ట పారేయ్. సేపల గంప ఒగ్గేయ్. బరంపురం బస్సు ఎల్లిపోతాది, నడు!"