గంటన్నర వెళ్ళడం, ఆరున్నర రావడం

పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిగా కూర్చోవడం నాకు ఇష్టంలేని పని. అక్కడ ఎవరూ అడిగినదానికి సూటిగా చెప్పరు. చెప్పినది చివరిదాకా వినరు. అయినా తొంభైల చివర ఒక వేసవిలో, తణుకు దగ్గర మా ఊళ్ళో, పొరుగింటి రైతు తన కూతురి కోసం పిలిస్తే వెళ్ళాను. హైస్కూల్లో భూగోళం బోధించి రిటైరైనవాణ్ణి గనుక ఊరు నాకు ఆ మాత్రం మర్యాద ఇచ్చేది.

పెళ్ళికొడుకు కువైట్‌లో ఏసీ మెకానిక్. ఈ సెలవులో సంబంధం కుదరకపోతే మళ్ళీ రెండేళ్ళదాకా రాలేడు. పిల్ల నచ్చిందని అతడి ముఖమే చెప్పింది. పిల్ల తండ్రికీ అభ్యంతరం కనిపించలేదు. ముహూర్తం మాట ఎత్తబోతుండగా పిల్ల మేనమామ ఊరికే అడిగినట్టు అడిగాడు.

“బొంబాయి నుంచి కువైట్ ఎంతసేపు బాబూ?”

“గంటన్నరండి.”

“మరి రావడానికి?”

“ఆరున్నర గంటలండి.”

మేనమామ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “అదేంటి! పోయేటప్పుడు దిగువ, వచ్చేటప్పుడు ఎగువా? ఆకాశంలో కూడా కాలువ తవ్వించారేంటి?”

“మధ్యలో లాకుల దగ్గర ఆపుతారేమో లెండి,” అన్నారు వెనక నుంచి ఎవరో.

“ఆపడమేంటండీ, ఎగువకి కదా!” అన్నాడు మేనమామ. “అందరూ దిగి, తాడు కట్టి, గట్టు మీంచి లాక్కొస్తారు. పాపం, చేతులు చూడండి, ఎలా కాయలు కాసిపోయాయో!”

అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. “గడియారం చూసే చెబుతున్నానండి,” అన్నాడు.

“అసలు విమానం ఎక్కాడంటారా?” అన్నాడు మేనమామ, నావైపు తిరిగి.

ప్రశ్న నాకు వేశారు గనుక సమాధానం చెప్పాను. పొద్దు ముందు మనకు పొడుస్తుంది, తరువాత వాళ్ళకు. అందువల్ల అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. దిగిన చోట గోడ గడియారం చూస్తే పోయేటప్పుడు ఆ రెండున్నర తగ్గుతుంది, వచ్చేటప్పుడు కలుస్తుంది. ఎటు ప్రయాణించినా దూరం ఒకటే, పట్టేది సుమారు నాలుగు గంటలే. “ఇతడు అబద్ధమాడలేదు,” అని ముగించాను.

“అంటే మాస్టారూ, ఇన్నిసార్లు తిరిగినా ఆ సంగతి ఇతగాడికి తెలీదన్నమాట!”

ఈసారి నవ్వు మొదటిదానికంటే పెద్దది. అంతవరకు తల వంచుకు కూర్చున్న పిల్ల కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఆగలేదు. అతడు అది చూశాడు.

అరుగు మీద చెప్పులు తొడుక్కుంటూ నన్ను అడిగాడు: “రెండు వైపులా నాలుగేనాండి?”

“రెండు వైపులా.”

“డ్యూటీ దిగి ఎక్కుతామండి, కూర్చోగానే నిద్ర పట్టేస్తుంది. ఇంటికి రావడానికి ఎక్కువసేపు పడుతుందంటే సబబేననిపించేది. అందుకే ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.”

“అనిపించడం వేరు, లెక్క వేరు,” అన్నాను.

మర్నాడు పిల్ల తండ్రి సంబంధం వద్దని కబురు పంపించాడు. కారణం అడిగాను. “కుర్రాడు మంచివాడేనండి. అబద్ధమాడినా సర్దుకుపోదుము. అంతమంది చూసి నవ్వినవాణ్ణి మా అల్లుడని ఎలా చెప్పుకోమంటారు?”

సెలవు ముగిసి అతడు ఒంటరిగానే వెళ్ళాడు. ఆ వారమే మేనమామ రైసుమిల్లు దగ్గర నన్ను ఆపాడు.

“గంటన్నరలో దిగి ఉంటాడంటారా మాస్టారూ?”

“నాలుగు,” అన్నాను.