సోమశిల నీళ్ల కింద రొట్టె చప్పుడు

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. వనపర్తిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూపించుకోండి అంటాను. అందుకే సగం మందికి నా నోరంటే పడదు. అలాంటి నేను ఇది రాయడం నాకే కొంచెం సిగ్గుగా ఉంది. కానీ విన్నది విన్నట్టు చెప్పకపోతే అది కూడా అబద్ధమే అవుతుంది కదా.

పోయినేడాది మా అమ్మకు పెద్ద జబ్బు చేసింది. రిపోర్టులన్నీ నా చేతుల మీదుగానే వెళ్లాయి. కొన్నింటిని చూసి బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని బయటికి వచ్చిన రోజులున్నాయి. ఏదో మా అదృష్టం, కోలుకుంది. లేచి తిరుగుతున్న కొత్తలో మా చెల్లెలు సునీత, "నీకేం గావాల్నమ్మా?" అని అడిగింది. "సముద్రం జూడాలె" అంది అమ్మ. పుట్టి బుద్ధెరిగాక ఆమె మమ్మల్ని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

సునీతకు గద్వాలలో చీరల కొట్టుంది. గోరంత చెబితే కొండంత చేసే మనిషి. బాపట్ల వెళ్లి ఒడ్డున నిలబడి వస్తే సరిపోయేదానికి, ఫోన్‌లో ఏదో వీడియో చూసి పట్టుకుంది. థాయ్‌లాండ్ దగ్గర యాట్ అని తెరచాపల పెద్ద పడవ ఒకటి కెప్టెన్‌తో సహా అద్దెకు ఇస్తారట. దానిలోనే వండుకుని, దానిలోనే పడుకుని, ఒక దీవి నుంచి ఇంకో దీవికి తిరగొచ్చట. మా రెండు కుటుంబాలూ, అమ్మా కలిసి వెళ్దామంది.

ఇక ప్రతి ఆదివారం మా ఇంట్లో అదే ముచ్చట. ఎవరు ఏ గదిలో పడుకోవాలి, కడుపులో తిప్పితే ఏ మాత్ర వేసుకోవాలి, అక్కడి కూడు మన నోటికి పడుతుందా. మా ఆయన మాత్రం పడవలో మరుగుదొడ్డి ఎలా ఉంటుందన్న దగ్గరే ఆగిపోయాడు. కెప్టెన్ హిందీ మాట్లాడతాడు. మా పాలమూరు హిందీతో ఆయన్ని ఫోన్‌లో బాగానే సతాయించాం. జొన్నపిండి, పెనం తెచ్చుకుంటే పడవలో రొట్టెలు చేసుకోనిస్తారా అని సునీత అడిగితే, ఆయన నవ్వి, అంతకంటే ముందు మీరంతా ఒక పూట ఎక్కడైనా నీళ్ల మీద తిరిగి చూడండి, ఎవరికి పడుతుందో ఎవరికి పడదో తెలుస్తుంది అన్నాడు.

అమ్మ మాత్రం పడవ అన్న మాట విన్న రోజే తేల్చి చెప్పింది. "మీరు పోయిరాండ్రి. నేను ఒడ్డుకు గూసోని జూస్త."

ఇది కొత్త సంగతేమీ కాదు. మా మేనమామ వాళ్లు కృష్ణకు అవతలి ఒడ్డున ఉంటారు. సోమశిలలో పడవెక్కితే ఇట్టే దాటేయొచ్చు. అమ్మ మాత్రం ఎప్పుడూ కర్నూలు మీదుగా బస్సులు మారి చుట్టు తిరిగి వెళ్లేది. నీళ్లంటే భయమేమో అనుకునేదాన్ని. ఈసారి సునీత వదల్లేదు, గుచ్చి గుచ్చి అడిగింది. అప్పుడు చెప్పింది.

అమ్మ పుట్టిన ఊరు ఈ సోమశిల దగ్గరే, శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిపోయిన ఊళ్లలో ఒకటి. ఊరు ఖాళీ చేసి వెళ్లే రోజు మా అవ్వ, అంటే అమ్మకు అమ్మ, దారికి సరిపడా రొట్టెలు చేసింది. సామాను ట్రాక్టర్ ఎక్కిస్తూ, "పొయ్యిల నీళ్లు వోసి, పసుపు కుంకుమ వెట్టి, మొక్కి రాపో" అని అమ్మను లోపలికి పంపింది. విడిచిపోయే ఇంట్లో నిప్పు ఉంచకూడదని మా వైపు ఒక పట్టింపు. నిప్పు ఉంచి వస్తే ఆ ఇంటి మనిషి ఎవరో ఒకరు మళ్లీ ఆ పొయ్యి దగ్గరికే పోతారంటారు. అప్పుడు అమ్మ ఇంకా పరికిణీ వేసుకునే పిల్ల. ఊరు విడవడం ఇష్టం లేదు. కోపంతో, మండుతున్న పొయ్యిని అలాగే వదిలేసి వచ్చి ట్రాక్టర్ ఎక్కింది. మొక్కినవా అని అవ్వ అడిగితే మొక్కిన అని అబద్ధమాడింది.

కొత్త కాలనీకి వచ్చిన ఏడాదిలోపే అవ్వ జ్వరంతో చనిపోయింది.

"నేనే సంపిన" అంది అమ్మ. ఏడవకుండా అంది. అది మలేరియా అయి ఉంటుందమ్మా, ఆ రోజుల్లో కాలనీలో గుడారాలేసుకుని ఉన్న అందరికీ వచ్చేది, పొయ్యికీ జ్వరానికీ ఏం సంబంధమని చాలాసేపు చెప్పాను. నా చదువంతా ఒలకబోశాను. ఆమె అన్నీ విని, "నీకు తెల్వదు బిడ్డా" అని లేచి వెళ్లిపోయింది. ఇన్నేళ్లూ ఆ నీళ్ల మీద నుంచి పోవడానికి ఆమెకు మొహం చెల్లలేదు. అంత బరువు మోస్తున్న మనిషితో ఒకే ఇంట్లో పెరిగి కూడా నాకు తెలియలేదు కదా అని బాధపడ్డాను.

కెప్టెన్ చెప్పిన ఆ ఒక్క పూట కోసం సునీత సోమశిలనే ఖాయం చేసింది. ఎట్లా ఒప్పించిందో గానీ అమ్మను కూడా తీసుకొచ్చింది. బాలస్వామి అనే ఆయన మోటారు పడవ మాట్లాడుకున్నాం. మిగతావాళ్లకు పనులున్నాయి. మేము ముగ్గురమే ఎక్కాం. అందరిలాగే కృష్ణమ్మకు పసుపు కుంకుమ వేసి మొక్కాం. అమ్మ పడవ మధ్యలో, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చెయ్యి చల్లగా ఉంది. నాడి చూశాను, వేగంగా కొట్టుకుంటోంది.

నీళ్ల మధ్యలో అక్కడక్కడా కొండల తలలు దీవుల్లా తేలి ఉంటాయి. ఒక్కో దాని చుట్టూ తిరుగుతూ వెళ్తున్నాం. ఎండ బాగానే ఉంది. అప్పుడు సునీతకు, మోటారు ఆపి తెరచాపతో పోతే ఎట్లుంటుందో చూడాలని బుద్ధి పుట్టింది. బాలస్వామి దగ్గర పల్లికాయ ఆరబోసుకునే పట్టా ఉంటే, దాన్ని రెండు గడలకు కట్టించింది. ఆయన నవ్వుతూనే కట్టాడు. పట్టా గాలికి ఉబ్బింది గానీ పడవ కదల్లేదు, ఉన్న చోటే మెల్లగా గుండ్రంగా తిరిగింది. థాయ్‌లాండ్ దాకా పోయే వాళ్లం సోమశిలలోనే ఆగిపోయామని నేను ఎగతాళి చేస్తున్నాను. ఆ తర్వాత గాలి కూడా పడిపోయింది.

అప్పుడు వినిపించింది.

రొట్టె తట్టే చప్పుడు. జొన్న రొట్టెను పీట మీద వేసి అరచేత్తో తడుతూ తిప్పే చప్పుడు. పాలమూరులో పుట్టిన ఎవరినైనా నిద్రలో లేపి వినిపించినా గుర్తుపడతారు. అది మా కాళ్ల కింద నుంచి వస్తోంది. మొదట నీటి అల పడవకు కొట్టుకుంటోందనుకున్నాను. పక్కకు వంగి చూశాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అల అన్నదే లేదు. పడవలో ఏదైనా దొర్లుతోందేమో అని డబ్బాలూ సీసాలూ పట్టుకుని చూశాను. చెక్క మీద చెయ్యి పెడితే ఒక్కో దెబ్బా అరచేతికి తగిలింది.

నాకొక్కదానికే అయితే చెవి దోషం అనుకునేదాన్ని. బాలస్వామి మోటారు దగ్గర నుంచి లేచి చుట్టూ చూసి, "గీడ రొట్టెలు ఎవరు జేస్తుండ్రు?" అన్నాడు. మాకు దగ్గరలో మనిషన్నవాడు లేడు. సునీత చేతిలోని ఫోన్‌ను నీళ్ల వైపు తిప్పింది.

అమ్మ నా చెయ్యి వదిలేసింది. మెల్లగా ఒంగి, రెండు అరచేతులూ పడవ అడుగు చెక్క మీద ఆనించి అలాగే ఉండిపోయింది. పడిపోతుందేమో అని నేను ఆమె భుజాలు పట్టుకున్నాను. కాసేపటికి నీళ్ల సీసా అందుకుని, మూత తీసి, పడవ పక్క నుంచి సన్నటి ధారగా నీళ్లలోకి వంచింది. తర్వాత పసుపు కుంకుమ వేసి, రెండు చేతులెత్తి మొక్కింది. నిండు కృష్ణలో సీసాడు నీళ్లు పోస్తుంటే ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్నే. నవ్వు రాలేదు.

చప్పుడు టక్కున ఆగిపోలేదు. ఆఖరి రొట్టె అయిపోతున్నప్పుడు చెయ్యి ఎలా నెమ్మదిస్తుందో అలా నెమ్మదించి, ఆగింది. మళ్లీ గాలి లేచి పట్టా కొట్టుకోవడం మొదలైంది. బాలస్వామి ఎవరూ చెప్పకుండానే మోటారు వేసి పడవను ఒడ్డుకు మళ్లించాడు.

తర్వాత నేను ఊరికే ఉండలేదు. చేపలు పడవ అడుగున కొడితే అలా వినిపిస్తుందా అని సోమశిలలో చేపలు పట్టే వాళ్లను అడిగాను. చేప కొడితే ఒకటి రెండు దెబ్బలు, ఇట్లా వరసగా కాదన్నారు. సునీత అంతసేపూ ఫోన్‌లో వీడియో తీస్తూనే ఉంది. అందులో అమ్మ వంగడం, నీళ్లు పోయడం, బాలస్వామి ప్రశ్న అన్నీ ఉన్నాయి. రొట్టె చప్పుడు మాత్రం లేదు. నలుగురం ఒకేసారి భ్రమపడ్డామని రాసుకుందామంటే, నా అరచేతికి తగిలిన ఆ దెబ్బలను ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

వనపర్తికి తిరిగి వస్తూ కారు కొల్లాపూర్ దాటాక అమ్మే సునీతను అడిగింది, "ఆ పెద్ద పడవల నాకు ఏ అర్ర ఇస్తుండ్రు?" సునీత వెనక్కి తిరిగి, నవ్వలేక ఏడవలేక, ఏ గది కావాలన్నా నీ ఇష్టమమ్మా అంది.

తర్వాత అమ్మ నా వైపు తిరిగింది. "మా అమ్మ తిట్టలేదే" అంది. "తిన్నవా బిడ్డా అన్నది. తిన్న అని జెప్పిన."

పడవలో అంతసేపూ ఆమెను పట్టుకుని ఉన్నది నేనే. ఆమె ముఖం నా ముఖానికి ఆనుకునే ఉంది. ఆమె నోరు తెరవలేదు. నేను విన్నది రొట్టె చప్పుడు ఒక్కటే, మాట ఏదీ వినలేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరన్నారో నేను చెప్పలేను. ఆ రోజు కారులో అమ్మ నా భుజం మీద తల పెట్టి ఇంటి దాకా నిద్రపోయింది. ఆమె అంత నిమ్మళంగా నిద్రపోవడం నేను పుట్టాక చూడడం అదే మొదటిసారి.