ముప్పై మూడు డిగ్రీల దగ్గర అక్క

పోయిన ఆదివారం ప్రార్థన ముగిసి ఇంటికి వచ్చేసరికి అక్క తమ్ముడి ఫోన్. "అక్క ప్రభువు దగ్గరికి పోయిందమ్మా. పొద్దున చాయ్ తాగి పండుకున్నది, మళ్ల లేవలే" అన్నాడు. ఆమె నాకు తోడబుట్టినది కాదు. ఎనభైల్లో వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ గదిలో ఆమె పెద్ద ఆపరేటర్, నేను కొత్తగా చేరిన చిన్న ఆపరేటర్‌ని. మొదటి రోజే "మేడమ్ అనకు, అక్కా అను" అంది. అదే నిలిచిపోయింది.

అప్పటి కంప్యూటర్ ఒళ్లో పెట్టుకునేది కాదు. గోడ పొడవునా నిలబడ్డ ఇనుప బీరువాలు. దానికి మనుషులకంటే చల్లదనం కావాలి. గదిలో వేడి ముప్పై డిగ్రీలు దాటితే ఆపేయాలని నియమం. అక్క లోపలికి రాగానే చెప్పులు విప్పి, ముందు ప్రతి బీరువా వెనక్కి వెళ్లి అరచెయ్యి ఆనించి చూసేది. "మిషన్‌కు నోరు లేదు పిల్లా. దాని బాధ మన చెయ్యికే తెలవాలె" అనేది.

ఒక మే నెలలో చివరి సంవత్సరం పిల్లల ఫలితాల పని పడింది. మూడు రోజులు కూర్చుని మార్కులన్నీ ఎక్కించాం. ఆ సాయంత్రానికి జాబితా నోటీసు బోర్డు మీద ఉండాలి. ఉన్న రెండు ఏసీల్లో ఒకటి అప్పటికే రిపేరులో ఉంది. మధ్యాహ్నం రెండింటికి రెండోదీ ఆగింది.

ఇరవై ఆరు ఉన్న థర్మామీటర్ చూస్తుండగానే ఇరవై తొమ్మిదికి చేరింది. మా పై అధికారి తలుపు దగ్గర నిలబడి, "కిటికీలు తెరవుండ్రి. పని మాత్రం ఆగొద్దు" అన్నాడు.

"బయట వడగాడ్పు సార్. దుమ్మంత లోపలికి వస్తది" అంది అక్క.

"అయితే నీళ్ల కూలర్ తెప్పియ్."

"తేమ తగిలితే ఇంక అస్సలుకే పోతది సార్."

"అవన్ని నాకు తెల్వదు. లిస్టు కావాలె, గంతే!" అంటూ ఆయన ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు.

అక్క ట్యూబులైట్లు ఆర్పింది. ప్రింటర్ ఆపింది. గదిలో ఉన్న నలుగురినీ బయటికి పంపింది. "మనుషుల ఒంటి వేడి గూడ వేడే. జర బయట కూసోండ్రి" అంది. నన్ను మాత్రం ఉంచుకుంది. ఉన్నపళంగా ఆపేస్తే మూడు రోజుల పని పోవచ్చు. ముందు డిస్కులోని మార్కులన్నీ అయస్కాంతపు టేపు మీదికి ఎక్కించాలి. అందుకు పన్నెండు నిమిషాలు పడుతుంది.

టేపు తిరగడం మొదలైంది. చీకటి గదిలో నేను థర్మామీటర్ దగ్గర నిలబడి అంకెలు చెబుతున్నాను. ముప్పై. ముప్పై ఒకటి. చెమట కళ్లలోకి కారుతోంది. ముప్పై రెండు. చివరి బీరువా నుంచి కాలిన రంగు వాసన సన్నగా వచ్చింది.

"బంద్ చేద్దాం అక్కా!"

"జర ఆగు. ఇంక రెండు నిమిషాలు." ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందని అర్థమైంది. చెయ్యి మాత్రం పెద్ద స్విచ్ మీదే ఉంది.

"ముప్పై మూడు" అన్నాను. టేపు ఆగింది. అదే క్షణంలో అక్క స్విచ్ దించేసింది.

మిషన్ల హోరు ఆగడం గమనించి కాబోలు, అధికారి పరుగున వచ్చాడు. "ఎవర్నడిగి బంద్ చేసినవ్?"

"నేనే చేసిన సార్."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు ఈడనే ఉన్నవ్ గద. నిజంగ అంత వేడైందా?"

నాది ఇంకా పర్మనెంట్ కాని ఉద్యోగం. నేను తల దించుకున్నాను. ముప్పై మూడు అన్న ఒక్క మాట నా నోట రాలేదు. అక్కే కల్పించుకుని, "ఆ పిల్లనేం అడగకుండ్రి సార్. నేను చెప్పినట్టు చేసింది" అంది.

మర్నాడు ఆమెకు మెమో ఇచ్చి లైబ్రరీకి పంపేశారు. మూడో రోజు హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు చివరి బీరువా తెరిచాడు. లోపలి ఫ్యాను తిరగడం మానేసి ఉంది. పక్కనున్న బోర్డు గోధుమ రంగుకు మాడి ఉంది. "ఇంకో పావుగంట నడిపితే డిస్కు మొత్తం పోయేది. ఎవరు ఆపారో గానీ మంచి పని చేశారు" అన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

అప్పుడు కూర్చుని జరిగింది జరిగినట్టు రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చాను. ఆయన చదివి, "ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాడు.

"భయమైంది సార్."

బాగు చేశాక టేపు నుంచి మార్కులన్నీ తిరిగి ఎక్కించాం. ఒక్క పిల్లవాడిదీ పోలేదు. మూడు వారాల తర్వాత అక్క తిరిగి వచ్చింది. మెమో మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది, అధికారి ఒక్క మంచి మాటా అనలేదు. నేను ఆమె ముందు ఏడ్చాను.

"భయపడ్డవ్, గంతే గదా. తర్వాతనన్న చెప్పినవ్. ఫికర్ చెయ్యకు. పా, ఏసీ జాలీలు కడగాలె" అంది.

వెనక వరండాలో నల్లా కింద, చీర కొంగు నడుముకు చెక్కుకుని, ఆమె ఏసీలో దుమ్ము వడగట్టే ఒక జాలీని రుద్దింది. బూడిద రంగు నీళ్లు చాలాసేపు కారి, మెల్లగా తేటపడ్డాయి. జాలీని రెండు చేతులతో ఎండకు ఎత్తి పట్టుకుంది. ఎక్కడైనా దుమ్ము మిగిలిందేమోనని చూస్తున్న ఆ ముఖం మీద, సన్నని గళ్లుగళ్లుగా వెలుగు పడింది.