తలుపు కింద తంగూసు

దీవుల్లోని మిడిల్ పాయింట్‌లో హార్డ్‌వేర్ దుకాణం నడిపే కన్నారావు మేకులు తూచే వేళ కూడా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేవాడు కాదు. గల్లాపెట్టె పక్కన ఒక పాత డిటెక్టివ్ నవల జిరాక్సు కాగితాలు ఉండేవి. రామలక్ష్మి పైకి చదివి, రికార్డు చేసి పంపిన అధ్యాయాన్ని వింటూ, అచ్చులో ఉన్నదానికీ వినబడేదానికీ తేడా వచ్చినచోటల్లా బిల్లు కాగితం వెనక రాసుకునేవాడు. సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి ఆ చీటీ చదివి వినిపించేవాడు.

"అక్కా, నూట పన్నెండో పేజీ. మజ్జిలో ఆగిపోనావు. మూడు సెకన్లు."

"ఊపిరి తీసుకున్నాన్రా."

"ఊపిరైతే ఇనబడతాది. ఇక్కడ అదీ లేదు. ఊపిరి బిగబట్టి ఏటి సేత్తున్నావు? డిటెక్టివ్ నీ ఎనకాల్నే నించున్నాడా?"

ఆమె నవ్వేసి ఫోన్ పెట్టేసింది. చదువుతూ చదువుతూ ఆగుతున్నట్టు అప్పటిదాకా ఆమెకే తెలియదు. ఎందుకు ఆగుతోందో మాత్రం చెప్పగానే తెలిసింది. సముద్రం కోసం వింటోంది.

పన్నెండేళ్ల కిందట రామలక్ష్మి సముద్రం ఒడ్డున వండూర్‌లో ఉండేది. పక్కింటి తవిటమ్మకు చదువు రాదు, కథలంటే ప్రాణం. మధ్యాహ్నాలు చేపలు ఎండబెట్టి ఇద్దరూ నీడన కూర్చుంటే రామలక్ష్మి ఈ నవలే పైకి చదివేది. "ఆడే సంపేడు, ఆడి చెప్పులకి బురదుంది సూడు" అని అధ్యాయానికొక హంతకుణ్ణి పట్టుకునేది తవిటమ్మ. ఆఖరి అధ్యాయం వచ్చేసరికి పొద్దుపోయింది. రేపు ఆదివారం, తీరిగ్గా విందామంది.

ఆదివారం తెల్లవారుతూనే భూమి కదిలింది. కదలడం ఆగాక రామలక్ష్మి ఇంట్లోకి వెళ్లి, పగిలిన గాజు మీద కుక్క నడవకుండా తలుపు గడియ పెట్టి, వార్తల కోసం రేడియో పెద్దగా పెట్టుకుని, అంతా ఊడవడం మొదలుపెట్టింది. బయట తవిటమ్మ గేటు దగ్గర నిలబడి మూడుసార్లు పిలిచిందట. పరుగెడుతున్నవాళ్లు చూశారు, తరవాత చెప్పారు. రామలక్ష్మికి వినబడలేదు. సముద్రం తలుపును విరుచుకుని వచ్చాక అటక దూలం పట్టుకుని ఆమె బతికింది. అటక మీది పెట్టెలో నవలా బతికింది. తవిటమ్మ రెండో రోజు మడ చెట్ల మధ్య దొరికింది.

తరవాత రామలక్ష్మి బ్రూక్షాబాద్ వచ్చి ఎత్తు మీద ఇల్లు చూసుకుంది. పగలు తలుపు మూయదు. స్నానానికి కూడా చీరె అడ్డం కట్టుకుంటుంది గానీ గడియ పెట్టదు. మిక్సీ తిప్పితే మధ్యలో రెండుసార్లు ఆపి వింటుంది. రేడియో మళ్లీ కొనలేదు.

తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాని దీవుల పిల్లలకు కథలు వినిపిద్దామని ఈ పని తలపెట్టింది తవిటమ్మ కూతురు చిన్ని. ఇప్పుడు ఆ పిల్లకు ఇరవై ఒకటో ఏడు. రికార్డు చేసేది తన ఫోన్‌లోనే, విని తప్పులు పట్టేది కన్నారావు. తలుపు తెరిచి చదివిన అధ్యాయాలతో అతను ఎలాగో సర్దుకున్నాడు. చివరి అధ్యాయం దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. అందులో డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి గుసగుసగా మాట్లాడతాడు. ఆ గుసగుసల మీద వానాకాలపు గాలీ, బస్సు హారనూ పడ్డాయి.

"తలుపు మూసి చదువక్కా. లేపోతే హంతకుడెవుడో బస్సు డ్రైవరుకే తెలస్తాది."

చిన్ని కిటికీకి పరుపు ఆనించి, ఫ్యాను ఆపి, తలుపు దగ్గరగా వేసింది. రామలక్ష్మి రెండు వాక్యాలు చదివింది. చెవుల్లో దూది కుక్కినట్టయింది. మూడో వాక్యం రాలేదు. లేచి తలుపు బార్లా తీసి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నా వల్ల కాదమ్మీ."

చిన్ని గోడ మేకుకున్న తంగూసు చుట్ట తీసింది. చిన్ని తండ్రి గేలం వేసేటప్పుడు ఆ నైలాను దారాన్ని వేలికి చుట్టుకుని కూర్చునేవాడు. నీటి అడుగున చేప ముట్టిందా లేదా అన్నది వేలే చెప్పేది.

"ఒక కొస నీ చేతికి కట్టుకో పిన్నీ. తలుపు కింద నుంచి రెండో కొస నేను పట్టుకుంటాను. మెట్టు మీద కూసుంటే సముద్రం సాఫ్ కనబడతాది. ఏదైనా ఐతే లాగుతాను. టెన్షన్ మత్ లో."

రామలక్ష్మి ఆ కొస అందుకోలేదు. మళ్లీ తను లోపల, మళ్లీ ఒకరు బయట. ఈసారి తవిటమ్మ కూతురు.

"మీ యమ్మ గేటు కాడ నించుని నన్ను పిలిసింది, నీకు తెలీదు."

"తెలుసు. నన్ను జీపెక్కించి ఎనక్కి ఎల్లింది నీ కోసమే. నేను సూత్తానే ఉన్నాను."

పన్నెండేళ్లుగా ఆ పిల్ల ఆ మాట అనలేదు. రామలక్ష్మి తంగూసు చేతికి కట్టుకుని ముడి రెండుసార్లు బిగించింది.

"అయితే ఇను. ఒక్కసారి లాగు. రెండోసారి లాగకు. నేనొచ్చేనా లేదా అని ఎనక్కి సూడకు. పైకి పరుగెట్టు. ఒట్టెయ్యి."

చిన్ని ఒట్టేసింది.

తలుపు మూసుకుంది. దారం మణికట్టు మీద సన్నగా కదులుతోంది. చిన్ని కాలు మార్చుకున్నా తెలుస్తోంది, టీ గ్లాసు అందుకున్నా తెలుస్తోంది. రామలక్ష్మి గుసగుసగా చదువుతూ పేజీ తిప్పింది, ఇంకొకటి తిప్పింది. ఎక్కడా ఆగలేదు. నూట యాభై ఎనిమిదో పేజీకి వచ్చింది. "ఈ గదిలో ఉన్న హంతకుడు..."

కుర్చీ కదిలిందో తన కాళ్లే వణికాయో తెలిసేలోపు తంగూసు ఒక్కసారి గట్టిగా లాగింది.

తలుపు తీసింది. మెట్టు మీద ఎవరూ లేరు. ఒలికిన టీ, పడి ఉన్న దారం కొస. "చిన్నీ" అని అరవబోయి, నోరు మూసుకుని, పైకి పరుగెత్తింది.

నీళ్ల ట్యాంకు దగ్గర జనం పోగయ్యారు. వాళ్ల మధ్య చిన్ని కడుపు పట్టుకుని వగరుస్తోంది. గంటసేపు ఎవరూ సముద్రం మీంచి చూపు తిప్పలేదు. అది మామూలుగానే ఉంది. భూకంపం చిన్నదే, ప్రమాదమేమీ లేదని ఫోన్లకు కబురు వచ్చాకే ఒకరిద్దరు కూర్చున్నారు.

"నన్నొదిలేసి పరుగెట్టేవు" అంది రామలక్ష్మి.

"నువ్వే కదా ఒట్టేయించేవు."

"అవును. మళ్లీ ఐనా అలాగే పరుగెట్టాలి." ఆ మాట అంటూ పిల్ల చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో, చిన్ని "పిన్నీ, గాజులు" అనేదాకా ఆమెకు తెలియలేదు.

ఆ సాయంత్రమే మళ్లీ తలుపు మూసి మిగతా రెండు పేజీలూ ముగించింది. మూడో రోజు కన్నారావు ఫోన్ చేశాడు.

"అక్కా, చీటీలో ఒక్కటే ఉంది. నూట యాభై ఎనిమిది, 'హంతకుడు' అన్న కాడ ఆగేవు. ఎనకాల తలుపు సప్పుడు. ఆ వాక్యం మళ్లీ సదివి పంపు."

"మిగతాది?"

"మిగతాదంతా పక్కా. ఊపిరి కూడా ఇనబడతంది."

ఫోన్ పెట్టేసి రామలక్ష్మి మేకు మీది తంగూసు తీసింది. ఒక కొస తన చేతికి కట్టుకుంది. రెండో కొస చిన్నికి అందించింది.

"హంతకుడెవడో చెప్పీకు" అంటూ చిన్ని మెట్టు మీదికి వెళ్లింది. "మొత్తం ఫైలొచ్చేక ఇంటాను."